వారసత్వ పరిరక్షణను వర్క్‌షాపులకు వదిలేయకండి: ఆఫ్రికా విశ్వవిద్యాలయాల పెద్దలకు బహిరంగ లేఖ

ఆఫ్రికా ఖండంలోని విశ్వవిద్యాలయాల వైస్ చాన్సలర్లకు, ఉన్నత విద్యా శాఖల మంత్రులకు, ఆఫ్రికన్ యూనియన్‌లో విద్య, సంస్కృతి వ్యవహారాలు చూసే పెద్దలకు,

నమస్కారం.

నేను సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. మాది హనుమకొండ. ఇథియోపియాలో కొత్త విశ్వవిద్యాలయాలు వరసగా తెరుచుకున్న రోజుల్లో మా వైపు నుంచి చాలామంది అధ్యాపకులు అక్కడికి వెళ్ళారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ లేఖ ఇంగ్లిష్ ప్రతి మీకు విడిగా పంపుతున్నాను. తెలుగులో కూడా రాయడం ఎందుకంటే, మీ దగ్గర పనిచేసిన, ఇప్పటికీ పనిచేస్తున్న తెలుగు మాస్టార్లు దీన్ని చదివి తమ మాట కూడా కలపాలని నా ఆశ.

అడగదలచుకున్నది ముందే చెప్తాను. పాత కట్టడాలను, వాటి చుట్టూ ఉన్న అడవులను, కొండలను, తీరాలను కాపాడే చదువును మీ విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ డిగ్రీగా నిలబెట్టండి. దానికి శాశ్వత అధ్యాపక పోస్టులు కావాలి, ల్యాబ్ కావాలి, చదివి బయటికొచ్చినవాళ్ళకు ఉద్యోగం దొరికే సర్వీసు రూల్స్ కావాలి. రెండు మూడు వారాల వర్క్‌షాపులతో, బయటివాళ్ళు ఇచ్చినన్నాళ్ళు ఇచ్చే నిధులతో ఈ పని సాగదు.

ఇథియోపియాలోని లాలిబెల ఊరితో మొదలుపెడతాను. కొండరాయిని పైనుంచి కిందికి తొలిచి అక్కడ 11 చర్చిలు చేశారు. పేర్చి కట్టినవి కావు, తొలిచి తీసినవి. 1978లో యునెస్కో తొలి ప్రపంచ వారసత్వ జాబితా ప్రకటించినప్పుడు అందులో ఉన్నవి 12 స్థలాలే. వాటిలో మూడు ఆఫ్రికావి: లాలిబెల, అదే ఇథియోపియాలోని సిమియెన్ జాతీయ పార్కు, సెనెగల్ తీరంలోని గోరే దీవి. అంటే తొలి జాబితాలో నాలుగో వంతు మీ ఖండానిదే. ఇప్పుడు ఆ జాబితా వెయ్యి దాటింది. సహారాకు దక్షిణాన ఉన్న దేశాల వాటా పదో వంతు కూడా లేదు. ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో మాత్రం వాళ్ళ వాటా అంతకన్నా ఎంతో ఎక్కువ. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడాలో చదువు లోటు పెద్ద భాగమని నేను నమ్ముతున్నాను.

లాలిబెలలోది అగ్నిపర్వత శిల. నీళ్ళు ఇంకితే మెత్తబడుతుంది, పగుళ్ళు తెరుచుకుంటాయి. వానల నుంచి కాపాడటానికని 2008లో యూరోపియన్ యూనియన్ డబ్బుతో కొన్ని చర్చిల మీద ఉక్కు స్తంభాలపై నిలిచే పెద్ద కప్పులు వేశారు. తాత్కాలికం అన్నారు. ఏళ్ళు గడిచాయి, కప్పులు అక్కడే ఉన్నాయి. ఆ బరువు రాయిని ఏం చేస్తుందో, పెనుగాలికి ఆ స్తంభాలు ఊగి చర్చిల మీద పడతాయేమో అని ఊరివాళ్ళు భయపడుతూ వచ్చారు, వీధుల్లోకి వచ్చి నిరసన కూడా తెలిపారు. నా క్లాసులో ఆ కొండల వైపు నుంచి వచ్చిన పిల్లలు ఉండేవారు. సిలబస్ ప్రకారం వాళ్ళు నేర్చుకునేది సిమెంటు కాంక్రీటు, స్టీలు, రోడ్లు, కాలువలు. తమ ఊళ్ళో వందల ఏళ్ళుగా నిలిచిన రాయి నీళ్ళకు ఎలా స్పందిస్తుందో చెప్పే పేపరు వాళ్ళ డిగ్రీ చదువు మొత్తంలో ఒక్కటీ లేదు. ఆ కప్పులు ఉంచాలా, తీయాలా, తీస్తే రాయికి వేరే రక్షణ ఏమిటి? ఈ లెక్క వేయగల ఇంజనీర్లు ఆ పిల్లల్లోంచే రావాలి. రాగలరు కూడా. లెక్కల్లో వాళ్ళెవరికీ తీసిపోరు.

ఇక టాంజానియాలోని జాంజిబార్ దీవి. అక్కడి పాత ఊరు స్టోన్ టౌన్ 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సుల్తాన్ బర్గష్ 1883లో కట్టించిన హౌస్ ఆఫ్ వండర్స్ అనే రాజభవనం ఆ ఊరికి ముఖం లాంటిది. 2020 డిసెంబరు 25న, మరమ్మతులు నడుస్తుండగానే, అందులో పెద్ద భాగం కూలిపోయింది. ఇద్దరు చనిపోయారు. బాగుచేస్తున్నప్పుడే కూలడమన్నది నన్ను చాలా కాలం నిద్రపోనివ్వలేదు. పాత గోడ ఏ బరువు ఎటు మోస్తోందో తెలియకుండా ఒక చోట చెయ్యి పెడితే ఇంకో చోట ఏమవుతుందో ఈ వృత్తిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. ఇది ఎవరినో నిందించడానికి చెప్పడం లేదు. ఇలాంటి గోడను చదవడం ప్రత్యేకమైన విద్య అని చెప్పడానికే.

స్టోన్ టౌన్ ఇళ్ళు పగడపు రాతితో, సున్నంతో కట్టినవి. పైకప్పు బరువు మోసేవి మడ చెట్ల దుంగలు. దుంగ ఎంత పొడవు దొరికితే గది వెడల్పు అంతే. సముద్రపు ఉప్పుగాలి, చెమ్మ పట్టిన ఆ గోడలు ఊపిరి పీల్చాలంటే పైపూత సున్నంతోనే ఉండాలి. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని, ఉప్పు తేలి, రాయి పొడిపొడిగా రాలుతుంది. మా హైదరాబాదులో కుతుబ్ షాహీ సమాధుల మీద గత శతాబ్దంలో పూసిన సిమెంటును చెక్కి తీసేసి, మళ్ళీ సున్నంతో పూత వేయించాల్సి వచ్చింది. ఆ పని చేయించిన ఆగాఖాన్ సంస్థే 1990ల్లో స్టోన్ టౌన్ సముద్రం ఒడ్డున ఉన్న ఓల్డ్ డిస్పెన్సరీని బాగుచేసింది. గోల్కొండ దగ్గరి మేస్త్రీ, జాంజిబార్ మేస్త్రీ ఎదురుపడితే భాష కలవకపోయినా సున్నం ఎన్నాళ్ళు నానాలో మాత్రం ఇద్దరూ మాట్లాడుకోగలరు.

ఇక్కడే నేను మీ దృష్టికి తేవాలనుకున్న అసలు సంగతి ఉంది. స్టోన్ టౌన్ పైకప్పులకు దుంగలు కావాలి. దుంగలకు మడ అడవి కావాలి. మడ అడవి తరిగిపోతే తీరం కోసుకుపోతుంది, నరకడం ఆపేస్తే పాత ఇళ్ళకు దుంగ దొరకదు. ఎంత నరకాలి, ఎంత పెంచాలి అన్నది అటవీ శాఖ ఒక్కటే తేల్చలేదు, ఆర్కిటెక్టు ఒక్కడే తేల్చలేడు. టాంజానియా తీరంలోనే ఉన్న కిల్వా కిసివానీని చూడండి. యాత్రికుడు ఇబ్న్ బతూతా 1331లో అడుగుపెట్టిన రేవు అది. అక్కడి శిథిలాలను సముద్రం కోసేస్తుంటే 2004లో ప్రమాద జాబితాలో పెట్టారు. గోడల మరమ్మతుతో పాటు మడ మొక్కలు నాటి తీరాన్ని నిలబెట్టుకున్నారు. 2014లో ఆ జాబితా నుంచి బయటపడింది. గోడను కాపాడింది మేస్త్రీ, మొక్క ఇద్దరూ.

మరి మీ విశ్వవిద్యాలయాల్లో ఈ చదువులన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయి? ఆర్కియాలజీ ఒక భవనంలో, ఫారెస్ట్రీ, వైల్డ్‌లైఫ్ ఇంకో క్యాంపస్‌లో, ఆర్కిటెక్చర్ మూడో చోట. ఒకరి పాఠం ఒకరికి తెలియదు. 1972లో యునెస్కో చేసిన ప్రపంచ వారసత్వ ఒప్పందం సంస్కృతినీ ప్రకృతినీ ఒకే కాగితం మీదకు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటినా సిలబస్‌లు ఇంకా విడిగానే ఉన్నాయి.

దీనికి టాంజానియాలోని లేటోలి అనే చోటును మించిన ఉదాహరణ నాకు తెలియదు. అక్కడ, గోరోంగోరో రక్షిత ప్రాంతంలో, దాదాపు 36 లక్షల ఏళ్ళ కిందటి అగ్నిపర్వతపు బూడిదలో, రెండు కాళ్ళ మీద నడిచిన మన పూర్వీకుల అడుగుజాడలు 1978లో పురాతత్వవేత్త మేరీ లీకీ బృందానికి కనబడ్డాయి. వాటిని చెడిపోకుండా ఉంచాలని మరుసటి ఏడాది ఇసుకతో, రాళ్ళతో కప్పేశారు. కప్పడం మంచి పనే. కానీ ఆ ఇసుకలో తుమ్మ జాతి చెట్ల విత్తనాలున్నాయి. అవి మొలిచి చెట్లయ్యాయి. వేళ్ళు అడుగుజాడల్లోకి దిగడం మొదలుపెట్టాయి. 1990ల్లో టాంజానియా పురావస్తు శాఖ, అమెరికాకు చెందిన గెట్టీ పరిరక్షణ సంస్థ కలిసి ఆ చెట్లను చంపి, మట్టి తీసి, దెబ్బతిన్న చోట్లు సరిచేసి, వేళ్ళు దిగకుండా అడ్డుపొర వేసి మళ్ళీ కప్పాల్సి వచ్చింది. కప్పిన రోజున ఆ మట్టిలో ఏ విత్తనం ఉందని అడిగే మనిషి ఒక్కడు ఉండి ఉంటే చాలు. అలాంటి మనిషి ఏ ఒక్క డిపార్ట్‌మెంటులోనూ తయారు కాడు.

గోరోంగోరోలోనే ఇంకో గాయం కూడా ఉంది. 1979లో ప్రకృతి విభాగంలో జాబితాకెక్కిన ఆ ప్రాంతాన్ని 2010లో సంస్కృతి, ప్రకృతి రెండింటి కిందా గుర్తించారు. అక్కడ పశువులు మేపుకుని బతికే మసాయి కుటుంబాలను మాత్రం 2022 నుంచి హండేని జిల్లాలోని మ్సొమెరాకు తరలిస్తున్నారు. ఇష్టపడి వెళ్తున్నారని ప్రభుత్వం అంటోంది. మసాయిలు, మానవ హక్కుల సంస్థలు అది ఒప్పుకోవడం లేదు. నల్లమల పులుల అడవిలోంచి చెంచులను కదిలించే మాట వచ్చిన ప్రతిసారీ మా దగ్గరా ఇదే వాదన నడుస్తుంది. అడవిలో మనిషి ఉంటే అడవి పాడవుతుందని మాత్రమే నేర్పిన చదువు ఇలాంటి చోట పనికిరాదు. కెన్యా తీరంలో మిజికెండా ప్రజల పవిత్ర వనాలు, నైజీరియాలో ఓషున్ ఒషొగ్బో వనం నిలిచి ఉన్నది మనుషులు లేకపోవడం వల్ల కాదు, నమ్మి కాచుకునే మనుషులు ఉండటం వల్ల. ఇది వనసంరక్షణ చదివే ప్రతి విద్యార్థి పరీక్షలో రాయాల్సిన పాఠం.

మీ దగ్గర ఏమీ జరగలేదని నేను అనడం లేదు. 1961లోనే, తర్వాత టాంజానియా తొలి అధ్యక్షుడైన జూలియస్ నైరేరే, అడవి జంతువులను కాపాడాలంటే ప్రత్యేక జ్ఞానం, శిక్షణ పొందిన మనుషులు, డబ్బు కావాలని అరుషాలో ప్రకటించారు. 1963కల్లా కిలిమంజారో పాదాల దగ్గర మ్వెకాలో వన్యప్రాణి నిర్వహణ కళాశాల వచ్చింది. ఆఫ్రికాలోని ఎన్నో దేశాల పార్కు అధికారులు అక్కడ చదివినవాళ్ళే. ఫ్రెంచి మాట్లాడే దేశాల కోసం కామెరూన్‌లోని గరువాలో అలాంటి బడే ఉంది. కట్టడాల, మ్యూజియంల వైపు వస్తే బెనిన్‌లోని పోర్టో నోవోలో 1998లో మొదలైన ఆఫ్రికా వారసత్వ పాఠశాల ఉంది. మొంబాసాలో ఇంగ్లిష్ మాట్లాడే దేశాల కోసం ఒక కేంద్రం నడిచింది. అలెగ్జాండ్రియాలో సెంగోర్ విశ్వవిద్యాలయం ఉంది. 'ఆఫ్రికా 2009' అని పేరు పెట్టి 1998 నుంచి పన్నెండేళ్ళ పాటు ఒక శిక్షణ కార్యక్రమం నడిపారు. చాలా మంచి పని చేసింది. పేరులో ఉన్న సంవత్సరం రాగానే ముగిసింది.

నా బాధ అక్కడే ఉంది. కార్యక్రమానికి ముగింపు తేదీ ఉంటుంది. లాలిబెల పగుళ్ళకు ముగింపు తేదీ లేదు. వర్క్‌షాపుకు వచ్చేది అప్పటికే ఉద్యోగంలో ఉన్న అధికారి. అతను సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళి, బదిలీ అయి, రిటైరై పోతాడు. అతని తర్వాత ఆ కుర్చీలోకి వచ్చేవాడికి నేర్పేది ఎవరు? విశ్వవిద్యాలయంలో డిపార్ట్‌మెంటు ఉంటే ప్రతి ఏడూ ఒక బ్యాచ్ వస్తుంది. ఒక ఉప్పు సమస్య మీద ఒకరు థీసిస్ రాస్తే, తర్వాతివాళ్ళు దాన్ని పట్టుకుని ముందుకు వెళ్తారు. పాతికేళ్ళ కొలతలు ఒకే బీరువాలో ఉంటాయి. జింబాబ్వే దేశంలోని గ్రేట్ జింబాబ్వే అనే పాత రాతి నగరంలో సున్నం, మట్టి ఏదీ లేకుండా రాతి మీద రాయి పేర్చిన గోడలు ఎటు ఉబ్బుతున్నాయో చెప్పాలంటే అలాంటి ఓపికైన కొలతలే కావాలి. ఆ గోడల దగ్గర ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రిచర్డ్ హాల్ అనే వలస ప్రభుత్వపు సంరక్షకుడు ఏం చేశాడో మీకు తెలుసు. ఆఫ్రికన్లు ఇంత కట్టలేరన్న నమ్మకంతో, 'అసలు' కట్టినవాళ్ళ ఆనవాళ్ళు వెతుకుతూ, అక్కడ బతికిన మనుషుల మట్టి పొరలను తవ్వి పారబోశాడు. పురావస్తు శాస్త్రవేత్తలు ర్యాండల్ మాకైవర్ 1905లో, గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ 1929లో అది ఆఫ్రికన్ల పనేనని ఆధారాలతో చూపించినా, పోయిన పొరలు తిరిగి రాలేదు. ఎవరి చేతిలో చదువు ఉందన్నది మీ ఖండంలో ఎప్పుడూ చిన్న విషయం కాదు.

ఇంకో మాట, మేస్త్రీల గురించి. మాలిలోని జెన్నేలో మట్టి మసీదుకు ఏటా ఊరంతా కలిసి కొత్త పూత వేస్తారు. మట్టిని ఊకతో కలిపి నానబెట్టడం, గోడ ఎక్కి పూయడం మేస్త్రీల సంఘం నడిపిస్తుంది. టింబక్టూలో 2012లో సాయుధ మూకలు 14 సమాధి మందిరాలను కూల్చేస్తే, 2015కల్లా వాటిని మళ్ళీ లేపింది అక్కడి మేస్త్రీలే. ఉగాండాలో 2010 మార్చిలో కసుబి రాజసమాధుల గడ్డి కప్పు కాలిపోయినప్పుడు, గడ్డి కప్పే పని తరతరాలుగా తెలిసిన న్గేయే వంశంవాళ్ళు లేకపోతే అది మళ్ళీ లేచేది కాదు. 2023లో అది ప్రమాద జాబితా నుంచి బయటికొచ్చింది. ఇంత విద్య ఉన్న మనిషిని మన విశ్వవిద్యాలయాలు క్లాసులోకి రానివ్వవు, డిగ్రీ లేదు కాబట్టి. మా దేశంలో 2022లో యూజీసీ ఒక దారి తెరిచింది: వృత్తిలో పేరున్నవాళ్ళను డిగ్రీ పట్టింపు లేకుండా ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా తీసుకోవచ్చు. మీరు ఇంకో అడుగు ముందుకేయండి. జెన్నే పెద్ద మేస్త్రీకి మాలి రాజధాని బమాకోలో, విశ్వవిద్యాలయంలో గౌరవంగా కుర్చీ వేయండి, జీతం ఇవ్వండి. సన్మానం చేసి శాలువా కప్పి పంపేయకండి.

దోపిడీకి గురైన కళాఖండాలు తిరిగొస్తున్న కాలం ఇది. 2021 నవంబరులో ఫ్రాన్సు 26 వస్తువులను బెనిన్‌కు ఇచ్చేసింది. మరికొన్ని దేశాలూ కదులుతున్నాయి. తిరిగి ఇవ్వడానికి ఇష్టం లేనివాళ్ళు చెప్పే మొదటి సాకు, 'అక్కడ వీటిని చూసుకునేవాళ్ళు లేరు' అని. దొంగ సొత్తు తిరిగి ఇవ్వడానికి ఆ షరతు పెట్టే హక్కు ఎవరికీ లేదు. అయినా చెక్కను పురుగు నుంచి, కంచును చెమ్మ నుంచి కాపాడే కన్సర్వేటర్లు మీ సొంత ల్యాబుల్లో తయారవ్వాలి. ఆ సాకుకు జవాబు కోసం కాదు, ఆ వస్తువుల కోసం. ఇక 2021 ఏప్రిల్‌లో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో జాగర్ లైబ్రరీ కాలిపోయినప్పుడు ఆఫ్రికా అధ్యయనాల పుస్తకాలు ఎన్ని బూడిదయ్యాయో తలచుకుంటే పుస్తకాల మీద బతికిన మా లాంటి వాళ్ళకు ఇప్పటికీ మనసు ఒప్పదు. తడిసిన కాగితాన్ని మొదటి రెండు రోజుల్లో ఏం చేయాలో తెలిసిన మనుషులు ప్రతి క్యాంపస్‌లో ఉండాలి.

డిగ్రీ పెట్టడం ఒక్కటే సరిపోదని కూడా చెప్పాలి. కోర్సు పేరు సర్వీసు రూల్స్‌లో లేకపోతే ఆ పట్టా పట్టుకుని పిల్లలు బ్యాంకు పరీక్షలకు వెళ్తారు. మా దగ్గర ఆర్కియాలజీ చదివిన ఎంతోమందిది అదే కథ. పురావస్తు శాఖ, పార్కుల శాఖ, మున్సిపాలిటీ, మూడు చోట్లా ఈ చదువుకు పోస్టులు ఉండాలి. పాత కట్టడం ఉన్న ప్రతి నగరపాలక సంస్థలో మరమ్మతు అనుమతి కాగితం మీద సంతకం పెట్టేవాడు ఈ కోర్సు చదివినవాడై ఉండాలి. ఆఫ్రికాలో సగం జనం 20 ఏళ్ళ లోపు వాళ్ళు. వాళ్ళకు ఉద్యోగం చూపించని ఏ చదువూ నిలవదు.

మేము చెప్పేంత పెద్దవాళ్ళమా అని మీరు అడగవచ్చు. నాగార్జున సాగర్ కింద మునిగిపోయే నాగార్జునకొండను 1954 నుంచి 1960 దాకా తవ్వి, కట్టడాలను కొండపైకి, అనుపుకు తరలించి మళ్ళీ నిలబెట్టారు మా పెద్దలు. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ గుళ్ళను 1964లో కోయడం మొదలుపెట్టడానికి ముందే ఆ తవ్వకాలు ముగిశాయి. ఆ అనుభవం ఉన్న చోటే, మా ఊరి వేయి స్తంభాల గుడిలో కళ్యాణ మండపాన్ని 2006లో విప్పితే మళ్ళీ తెరుచుకున్నది 2024 మార్చిలో. ఒకప్పటి నేర్పు తర్వాతి తరానికి చదువుగా అందకపోతే ఎంత ఆలస్యమవుతుందో ఆ మండపం ముందు నుంచి రోజూ నడిచిన మాకు తెలుసు. అందుకే ఇది పై నుంచి చెప్తున్న మాట కాదు.

మీరు, మా దేశం కలిసి చేయగలిగినది ఒకటి కళ్ళెదుటే ఉంది. 2023లో మద్రాస్ ఐఐటీ జాంజిబార్‌లో క్యాంపస్ తెరిచింది. డేటా సైన్స్‌తో మొదలుపెట్టారు, మంచిదే. అదే మద్రాస్ ఐఐటీలో పాత కట్టడాల భద్రత మీద పనిచేసే జాతీయ కేంద్రం కూడా ఉంది. స్టోన్ టౌన్ ఉన్న దీవిలోనే క్యాంపస్ పెట్టుకుని ఆ కేంద్రం అనుభవాన్ని అక్కడికి తీసుకెళ్ళకపోతే అది నాకు అర్థం కాని విషయమే. జాంజిబార్ స్టేట్ యూనివర్సిటీ, దార్ ఎస్ సలాం విశ్వవిద్యాలయం, మ్వెకా కళాశాల, ఈ క్యాంపస్ కలిసి ఒక రెండేళ్ళ మాస్టర్స్ మొదలుపెట్టవచ్చు. మొదటి సెమిస్టర్ స్టోన్ టౌన్ గోడల మధ్య, రెండోది మడ అడవిలో, మూడోది కిల్వాలో, నాలుగోది గోరోంగోరోలో. పాఠం ఇంగ్లిష్‌లో ఉన్నా మేస్త్రీతో చేసే సెమిస్టర్ స్వాహిలీలోనే ఉండాలి. స్కాలర్‌షిప్ లేకుండా ఇథియోపియా, మాలి పిల్లలు రాలేరు కాబట్టి ఆ ఖర్చులో ఆఫ్రికా ప్రపంచ వారసత్వ నిధిని భాగం అడగండి. భారత ప్రభుత్వాన్నీ అడగండి. మా వైపు నుంచి అడిగే బాధ్యత మాది.

నేను రిటైరయ్యాను. సున్నం, రాయి, పాత గోడల బరువుల లెక్కలు చెప్పడానికి ఇప్పటికీ ఓపిక ఉంది. నాలాగా మీ దగ్గర పనిచేసి వచ్చిన తెలుగు ఇంజనీర్లు, జీవశాస్త్రం మాస్టార్లు ఇంకా ఉన్నారు. సిలబస్ కమిటీ వేస్తే కబురు చేయండి, జీతం అక్కర్లేదు. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా కనీసం ఆ కమిటీ వేసినట్టు మీ నుంచి ఒక ప్రకటన రావాలని కోరుతున్నాను.

ఇట్లు
ఇథియోపియాలో పాఠాలు చెప్పి వచ్చిన ఒక సివిల్ ఇంజనీరింగ్ మాస్టారు
హనుమకొండ